సాల్మన్ పేరు హెర్రింగ్‌కు: కిప్పర్ కథ

ప్రశ్న: మాది భీమిలి దగ్గర మత్స్యకారుల పల్లె. ఇప్పుడు ఇంగ్లండులో న్యూకాజిల్‌కు దగ్గరగా ఉన్న ఒక వృద్ధాశ్రమంలో కేర్ అసిస్టెంటుగా చేస్తున్నాను. నేను చూసుకునేవాళ్ళలో తొంభై దాటిన పెద్దావిడ ఒకరున్నారు. "రేపు పొద్దున్న నాకు కిప్పర్ కావాలి" అంటే మొదటిసారి స్లిప్పర్ అనుకుని చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాను. తీరా చూస్తే అది పొగబెట్టిన చేపట, హెర్రింగ్ అంటారట. ఇది మన ఎండు చేపలాంటిదేనా? ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? యూదుల యోమ్ కిప్పూర్ నుంచి వచ్చిందని నాతో పనిచేసే అతను గట్టిగా వాదిస్తున్నాడు. రెడ్ హెర్రింగ్ అన్నా ఇదే అంటుంది ఇంకొకామె. మరి మీటింగుల్లో మా మేనేజరు ఆ మాట అన్నప్పుడు అక్కడ చేప ప్రసక్తే ఉండదు. నాకూ ఒకసారి వండుకు తినాలని ఉంది. నలుగురం ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం, వాసనకు గొడవవుతుందేమో. పులుసు పెట్టుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు మీ సహోద్యోగి వాదం తేల్చేస్తాను. అది రెండు ముక్కల్లో అయిపోతుంది. యోమ్ కిప్పూర్‌లోని కిప్పూర్ హీబ్రూ మాట, ప్రాయశ్చిత్తమని అర్థం. ఆ రోజు యూదులు కటిక ఉపవాసం ఉంటారు, మంచినీళ్ళు కూడా ముట్టరు. ఇంక చేపెక్కడిది! చెవికి ఒకేలా వినిపించడం తప్ప ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు. అక్కడివాళ్ళు కునుకు తీయడాన్ని 'కిప్' అంటారు చూడండి, దానికీ దీనికీ కూడా సంబంధం లేదు.

ఇవాళ్టి ఇంగ్లీషులో కిప్పర్ అంటే ఏమిటో చెబుతాను. హెర్రింగ్ చేపను వీపు వైపు నుంచి తల మొదలు తోక దాకా చీల్చి, పేగులు తీసేసి, పుస్తకం విప్పినట్టు పరిచి, కాసేపు ఉప్పునీళ్ళలో ఉంచి, ఆ తర్వాత పొగలో వేలాడదీస్తే అది కిప్పర్. వీపు చీల్చడం ఇందులో ముఖ్యం. చీల్చకుండా నిండు చేపకు పొగబెడితే ఆ చేపకు వేరే పేర్లున్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. పొగ కూడా చల్లని పొగ. నిప్పుకు బాగా ఎత్తులో, సుమారు 30 డిగ్రీలు దాటకుండా ఉండే పొగ. అందువల్ల చేప ఉడకదు, పచ్చిగానే ఉండి పొగ పీల్చుకుంటుంది.

మీరున్న చోటు నుంచి ఉత్తరంగా తీరం పట్టుకుని వెళ్తే క్రాస్టర్ అనే చిన్న ఊరు వస్తుంది. కిప్పర్ అనగానే ఇంగ్లండులో చాలామంది నోట వచ్చే ఊరిపేరు అదే. అక్కడ 1856లో కట్టిన పొగగదిలో రాబ్సన్ కుటుంబం తరతరాలుగా ఈ పని చేస్తోంది. కింద ఓక్ చెక్కపొట్టు మంట లేవకుండా రాజబెడతారు. పైన కమ్మీలకు కొక్కేలు కొట్టి చేపల్ని వరసలుగా తగిలిస్తారు. పదహారు గంటల దాకా అలా ఉంటాయి. వీలు చిక్కినప్పుడు ఒకసారి వెళ్ళి చూడండి. ఆ పెద్దావిడ ఆ పక్కలవారే అయితే ఆవిడ కిప్పర్ అన్నప్పుడల్లా మనసులో ఉండేది బహుశా ఆ ఊరి చేపే.

మన ఎండు చేపలాంటిదా అంటే, కాదు. నెత్తళ్ళనో సావళ్ళనో ఇసుకలో, చాపల మీద ఎండబెడితే నీరంతా పోయి గలగలలాడతాయి. సంచిలో కట్టి నెలల తరబడి దాచుకుంటాం. కిప్పర్ అలా కాదు, మెత్తగా, నూనెతో మెరుస్తూ ఉంటుంది. ఉప్పు కూడా మన ఎండు చేపలో ఉన్నంత ఉండదు. బయట పెడితే చెడిపోతుంది, ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. చేప మటుకు మీకు పరాయిది కాదు. హెర్రింగ్, మన కవళ్ళు, నెత్తళ్ళు, గోదావరి పులస, ఇవన్నీ ఒకే గణంలోవి. శాస్త్రజ్ఞులు ఆ గణాన్ని క్లూపిఫార్మిస్ అంటారు. ఉత్తర అట్లాంటిక్‌లో గుంపులు గుంపులుగా తిరిగే చిన్న చేప హెర్రింగ్, ఒంటినిండా నూనె.

ఆ నూనె వల్లే పొగ అవసరమైంది. కాడ్ లాంటి కొవ్వులేని చేపను నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో ఉప్పు కూడా వేయకుండా చలిగాలికి వేలాడదీసి ఎండబెడతారు, అది కట్టెలా గట్టిపడుతుంది. హెర్రింగ్‌ను అలా వదిలేస్తే లోపలి నూనె గాలి తగిలి చెడి, కనరు వాసన వేస్తుంది. నూనె కవళ్ళను ఎండబెట్టే ఊరివారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఉత్తర సముద్రం ఒడ్డున మన ఎండ ఎక్కడుంది? ముసురు, తేమ, చలి. కాబట్టి అక్కడివాళ్ళకు దొరికిన దారులు రెండు: పీపాల్లో ఉప్పు పోసి ఊరబెట్టడం, లేదా పొగబెట్టడం. పొగలో ఉండే ఫినాల్ జాతి పదార్థాలు నూనె చెడకుండా కాస్తాయి, బూజునూ సూక్ష్మజీవులనూ అడ్డుకుంటాయి. రుచి సంగతి ఆ తర్వాత వచ్చింది.

ఇక మాట పుట్టుక. ఇక్కడే అసలు తమాషా. కిప్పర్ అన్నది మొదట హెర్రింగ్ పేరు కాదు, అసలు పొగబెట్టిన చేప పేరే కాదు. అది సాల్మన్ పేరు. అందులోనూ మగ సాల్మన్. అదీ గుడ్లుపెట్టే కాలానికి సముద్రం వదిలి నదిలోకి ఎక్కివచ్చిన మగ సాల్మన్.

పాత ఇంగ్లీషులో ఈ మాట 'క్యుపెరా'. రోమన్ తత్వవేత్త బొయీథియస్ లాటిన్ గ్రంథానికి వెయ్యేళ్ళకు పైగా ముందే వెలసిన ఇంగ్లీషు పద్యరూపం ఒకటుంది. అందులో మనుషుల తెలివితక్కువను ఎత్తిపొడుస్తూ కవి అడుగుతాడు: మీకు సాల్మన్ గానీ క్యుపెరా గానీ పట్టాలనిపిస్తే వల తీసుకెళ్ళి కొండ మీద వేస్తారా? అని. సాల్మన్ గానీ క్యుపెరా గానీ అని విడివిడిగా చెప్పాడు, గమనించండి. రెండూ ఒకే చేపని ఆ కాలపు జాలరులకు తెలియక కాదు. దశను బట్టి పేరు మారడం నీటి మీద బతికేవాళ్ళకు మామూలే. అదే చేప సముద్రంలో ఉన్నంతకాలం విలస, వరద గోదావరిలోకి ఎదురెక్కితే పులస అని మన గోదావరి జిల్లాల్లో అనడం లేదూ?

అయితే పులసకు జరిగే మర్యాద కిప్పర్‌కు జరగలేదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు మనవాళ్ళు. నదిలోకి ఎక్కివచ్చిన మగ సాల్మన్‌ను అక్కడ ఎవరూ అంత మోజుగా తినలేదు. కారణముంది. మంచినీటిలోకి రాగానే సాల్మన్ తిండి మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు ఖర్చుపెట్టుకుంటూ వారాలూ నెలలూ ఎదురీదుతుంది. గుడ్లుపెట్టే వేళకు కండ పాలిపోయి, నీరుపట్టి, చప్పబడిపోతుంది. వెండిలా మెరిసే ఒళ్ళు రాగిరంగుకు తిరుగుతుంది. మగ చేపకైతే కింది దవడ కొన సాగి పైకి కొక్కెంలా వంపు తిరుగుతుంది.

మాట పుట్టుక గురించి నడుస్తున్న రెండు వాదాలూ ఈ రూపం చుట్టూ తిరిగేవే. మొదటిది రంగు వాదం. పాత ఇంగ్లీషులో రాగిని 'కోపర్' అనేవారు. గుడ్లకాలంలో రాగిరంగు తేలిన చేప కాబట్టి క్యుపెరా అయిందని వీరి మాట. రెండోది దవడ వాదం. ఆ వంకర దవడకు 'కిప్' అని పేరుంది, దాని నుంచే కిప్పర్ అని వాళ్ళంటారు. నిఘంటువులు ఎక్కువగా రాగి వైపు మొగ్గుతాయి, అది కూడా 'బహుశా' అంటూనే. నా మొగ్గూ అటే. పాత ఇంగ్లీషు రూపాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పోలిక కొట్టిపారేసేలా లేదు. దవడ కథ కూడా పూర్తిగా వట్టిది కాకపోవచ్చు, మాట వచ్చాక జనం చెవిలో ఆ రెండూ కలిసిపోయి ఉండవచ్చు.

ఈ చేపను ఎప్పుడు పట్టకూడదో చట్టం కూడా చెప్పింది. 14వ శతాబ్దపు ఇంగ్లండు పార్లమెంటు పత్రాల్లో 'కిప్పర్ కాలం' అన్న మాట కనిపిస్తుంది. థేమ్స్ నదిలో గ్రేవ్‌సెండ్ నుంచి హెన్లీ వరకూ ఆ కాలంలో సాల్మన్ పట్టరాదని. మన దగ్గర వేసవిలో సముద్రం మీద వేట నిషేధం పెడతారే, అలాంటిదే. గుడ్లుపెట్టే చేపను వదిలేస్తే రేపటికి చేప ఉంటుందన్న ఎరుక ఆనాటికే ఉంది.

నిషేధాలున్నా చేప వలలో పడక మానదు, పడ్డదాన్ని పారేయబుద్ధీ కాదు. తాజాగా వండితే రుచిలేని ఆ చేపను చీల్చి, ఉప్పు రుద్ది, గాలికో పొగకో ఆరబెడితే తినేలా తయారవుతుంది. అలా కిప్పర్ అన్న చేపపేరు క్రమంగా ఆ పనికి పేరైందని చాలామంది చెప్పే వివరణ. 18వ శతాబ్దం వచ్చేసరికి 'కిప్పర్ చేయడం' అన్న క్రియ వాడుకలో ఉంది. అప్పటికి మగ, ఆడ తేడా పోయింది, గుడ్లకాలం పట్టింపు పోయింది. ఏ సాల్మన్‌నైనా చీల్చి ఉప్పూ పొగా పట్టిస్తే అది కిప్పర్ చేసిన సాల్మన్. స్కాట్లాండులో ఈ వంటకానికి మంచి గిరాకీ ఉండేది.

హెర్రింగ్ కథలోకి దిగింది ఇంకా ఆలస్యంగా, 1840లలో. ఇది కూడా మీ పక్కనే జరిగింది. క్రాస్టర్‌కు ఇంకాస్త ఉత్తరాన సీహౌసెస్ అనే రేవు ఉంది. అక్కడ జాన్ వుడ్జర్ అనే చేపల వ్యాపారి ఉండేవాడు. ఒక రాత్రి చీల్చిన హెర్రింగ్‌లను పొయ్యి ఉన్న కొట్టులో మరిచిపోయాడనీ, పొద్దున్నే చూస్తే పొగబారి ఉన్నాయనీ, రుచి చూసి అదిరిపోయాడనీ ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. 1843 అని సంవత్సరం కూడా చెబుతారు. వినడానికి బాగుంటుంది. పొయ్యి మీద పాలు మరిచిపోతే కోవా అయిందన్న బాపతు కథలు తిండిపదార్థాలన్నిటికీ ఉంటాయి, ఏమనుకోకండి. సాల్మన్‌ను చీల్చి పొగబెట్టడం ఆ తీరమంతటా తెలిసిన పనే. అదే పద్ధతిని చవకైన హెర్రింగ్‌కు కావాలనే చేసి చూసి ఉంటాడు వుడ్జర్. వ్యాపారి చేసే పని అది.

అది నిలదొక్కుకోవడానికి అసలు కారణం రైలని నా ఉద్దేశం. అంతకుముందు పొగబెట్టిన హెర్రింగ్ ఊరు దాటి పోవాలంటే బండరాయిలా గట్టిగా, ఉప్పు కషాయంలా ఉండాలి. వుడ్జర్ తరహా చేప లేత ఉప్పు, లేత పొగ. నాలుగు రోజులు దాటితే దాని పని అంతే. 1847లో న్యూకాజిల్ నుంచి బెరిక్ దాకా రైలుదారి పడింది. ఆ తర్వాత తీరంలో పొగబెట్టిన చేప చెడకముందే లండన్ చేరడం మొదలైంది. 19వ శతాబ్దం ముగిసేనాటికి 'కిప్పర్ చేసిన హెర్రింగ్' అనే పొడుగు పేరులో వెనక సగం రాలిపోయి ఉత్త కిప్పర్ మిగిలింది. పేరు మొదట ఎవరిదో ఆ సాల్మన్‌ను ఇవాళ కిప్పర్ అంటే ఎవరికీ అర్థం కాదు. దుకాణంలో అది స్మోక్డ్ సాల్మన్.

నిండు చేపకు వేరే పేర్లున్నాయన్నాను. చీల్చకుండా, పేగులు కూడా తీయకుండా, కొద్దిగా ఉప్పు పట్టించి ఒక రాత్రి పొగబెడితే దాన్ని బ్లోటర్ అంటారు. తూర్పు తీరంలోని గ్రేట్ యార్మత్ దానికి పుట్టిల్లు, ఆ ఊరివారికి సరదాపేరు కూడా బ్లోటర్లే. నార్స్ భాషలో 'నానిన, మెత్తని' అనే అర్థమున్న మాట దానికి మూలమని చెబుతారు. గట్టిగా ఎండిన చేప పక్కన ఇది మెత్తగా ఉంటుంది కాబట్టి. లోపలి పేగుల వల్ల కాస్త వేట మాంసం వాసన వేస్తుంది. తెలియకుండా కొనకండి. జర్మన్ల బ్యుక్లింగ్ వేడి పొగలో ఉడికిన చేప, అలాగే తినేయవచ్చు. ఆ పేరు డచ్చివాళ్ళ 'బొకింగ్'కు సోదరి, అందులో ఉన్నది 'బొక్', అంటే మేకపోతు. వాసన చూసి పెట్టిన పేరని నిఘంటువులే అంటున్నాయి. మీ ఇంట్లో గొడవవుతుందేమోనన్న భయం కొత్తదేమీ కాదన్నమాట! ఫ్రెంచివాళ్ళు గట్టిగా పొగబెట్టిన దాన్ని 'అరాంగ్ సోర్' అంటారు. ఆ సోర్ కూడా డచ్చి వైపు నుంచే, ఎండిన అని అర్థం.

ఇప్పుడు రెడ్ హెర్రింగ్. మీ రెండో సహోద్యోగికి సగం మార్కులు వేయవచ్చు. అది కూడా పొగబెట్టిన హెర్రింగే, కానీ కిప్పర్ కాదు. కిప్పర్ కంటే కొన్ని వందల ఏళ్ళు పెద్దది. చేపను చీల్చకుండా బాగా ఉప్పులో ఊరబెట్టి, ఎత్తైన పొగగదుల్లో రోజులూ వారాలూ పొగబెడితే ఒళ్ళు ఎర్రబారి, కొయ్యముక్కలా తయారవుతుంది. ఫ్రిజ్జులూ రైళ్ళూ లేని కాలంలో ఎక్కడికైనా పంపగలిగిన చేప ఇదే. క్రైస్తవులు ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మాంసం మానే లెంట్ దీక్షలో పేదవాడి కంచంలో పడేది ఇదే. గ్రేట్ యార్మత్ దీని మీదే బతికింది. 1599లో థామస్ నాష్ అనే రచయిత ఆ ఊరికీ ఈ ఎర్రచేపకూ జేజేలు కొడుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఇంగ్లండుకూ ఐర్లాండుకూ నడుమనున్న మాన్ ద్వీపంలో, వారి మాంక్స్ భాషలో దీని పేరు 'స్కెడన్ జార్గ్'. స్కెడన్ హెర్రింగ్, జార్గ్ ఎరుపు. ఆ ద్వీపానికి హెర్రింగ్ ఎంత ముఖ్యమంటే, అక్కడి న్యాయమూర్తి పదవి స్వీకరించేటప్పుడు హెర్రింగ్ వెన్నుముల్లు చేపకు సరిగ్గా నడిమధ్యన ఉన్నట్టు తానూ ఎటూ ఒరగకుండా తీర్పు చెబుతానని ప్రమాణం చేస్తాడు. మాట వరసకు కాదు, ఇవాళ్టికీ ఆ ప్రమాణం అలాగే ఉంది.

ఇంగ్లీషు నానుడిలోకి ఎర్రచేప ముందే ఎక్కింది. జాన్ హేవుడ్ 1546లో అచ్చేసిన సామెతల్లో 'చేపా కాదు, మాంసమూ కాదు, మంచి ఎర్ర హెర్రింగూ కాదు' అని ఉంది. ఏ కోవకూ చెందని మనిషినో వస్తువునో అనే మాట. మీ మేనేజరు అనేది అది కాదు. ఆయన అనేది 'దారి తప్పించే సంగతి' అన్న అర్థంలో. అసలు విషయం నుంచి మన దృష్టి మళ్ళించే ఆనవాలును, వాదాన్ని రెడ్ హెర్రింగ్ అంటారు. రోగికి జ్వరం మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తుంటే, ఎప్పటినుంచో ఉన్న దగ్గు వెంట పడ్డామనుకోండి, ఆ దగ్గు రెడ్ హెర్రింగ్.

దీనికి చాలాకాలంగా చెబుతూ వచ్చిన కథ ఏమిటంటే, వేటకుక్కలకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఘాటైన ఎర్రచేపను దారికి అడ్డంగా ఈడ్చి, ఆ వాసనకు లొంగకుండా అసలు జంతువు జాడ పట్టడం నేర్పేవారని. అది నిజం కాదని ఇప్పుడు తేలింది. 17వ శతాబ్దపు వేట పుస్తకాల్లో ఎర్రచేపను ఈడ్చే మాట ఉంది గానీ, అది గుర్రాల కోసం. కుక్కల గుంపు వెంట, ఆ అరుపుల మధ్య పరుగెత్తడం గుర్రాలకు అలవాటు చేయడానికి కుక్కల్ని ఆ వాసన వెంట తోలేవారు. అంటే చేప పని దారి చూపడమే. మరి దారి తప్పించడమన్న అర్థం ఎక్కడిదంటే, విలియం కాబెట్ అనే పత్రికా సంపాదకుడి దగ్గర తేలింది. 1807 ఫిబ్రవరిలో తన పత్రికలో, నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు వార్త వెంటపడి స్వదేశంలోని ముఖ్యమైన విషయాలు వదిలేసిన పత్రికలను దెప్పుతూ, తాను చిన్నప్పుడు కుందేలు వెంటపడిన కుక్కలను ఎర్రచేపతో పక్కదారి పట్టించానని ఒక ముచ్చట చెప్పాడు. అది జరిగిందో, వాదన కోసం అల్లాడో! ఆ ముచ్చట మటుకు జనంలో నాటుకుపోయింది. ఒక నానుడి పుట్టుక గురించి రెండు వందల ఏళ్ళు అందర్నీ తప్పుదారిన నడిపించినవాడు ఆ నానుడిని పుట్టించినవాడే కావడం నాకు భలే నచ్చుతుంది.

కిప్పర్‌కు కూడా ఇలాంటి పక్క అర్థాలున్నాయి. ఎవరైనా 'కిప్పర్‌లా కుట్టేశారు' అన్నట్టు ఇంగ్లీషులో అంటే, నమ్మించి ఇరికించారని. 1960లలో లండన్‌లో మైకేల్ ఫిష్ అనే దర్జీ బాగా వెడల్పు టైలు కుట్టి అమ్మితే, ఆయన ఇంటిపేరు మీద హాస్యమాడి వాటికి కిప్పర్ టై అని పేరు పెట్టారు. 2019 జూలైలో బోరిస్ జాన్సన్ ప్రధాని పదవికి పోటీపడుతూ వేదిక మీద ప్యాకెట్‌లోని కిప్పర్‌ను ఎత్తి చూపించి, దీన్ని పోస్టులో పంపాలంటే ఐసు సంచి పెట్టాలట, యూరోపియన్ యూనియన్ నిబంధనలు చూడండని మండిపడ్డాడు. ఆ చేప మాన్ ద్వీపానిది, ఆ నిబంధన బ్రిటన్‌దేనని మర్నాడు యూరోపియన్ కమిషన్ తాపీగా చెప్పింది. పత్రికలవాళ్ళు రెడ్ హెర్రింగ్ అని శీర్షికలు పెట్టుకున్నారు, ఇంతకన్నా మంచి అవకాశం వాళ్ళకు మళ్ళీ రాదు.

ఇక వంట. కొనేటప్పుడు రంగు చూడండి. లేత బంగారు గోధుమ రంగు మంచిది. మరీ ముదురు ఎరుపుగా, సమంగా రంగు పూసినట్టు ఉంటే నిజంగానే రంగు పూసి ఉంటారు. పొగబెట్టే సమయం తగ్గించి ఆ లోటు రంగుతో పూడ్చడం గత శతాబ్దంలో బాగా నడిచింది. బ్రౌన్ ఎఫ్‌కే అని ఒక ఆహారపు రంగే ఉండేది, ఎఫ్‌కే అంటే 'ఫర్ కిప్పర్స్'! ఇప్పుడు యూరప్‌లో దానికి అనుమతి లేదు, వేరే రంగులు వాడేవారున్నారు. ప్యాకెట్ మీద చదువుకోండి. క్రాస్టర్ చేప అన్నా హెర్రింగ్ ఎక్కువగా నార్వే, ఐస్‌లాండ్ వైపు నీళ్ళదే అయి ఉంటుంది. విపరీతంగా పట్టేసి చేప తరిగిపోతే 1977లో ఉత్తర సముద్రంలో హెర్రింగ్ వేటనే కొన్నేళ్ళు ఆపేయాల్సి వచ్చింది. అప్పటి నుంచీ ఆ తీరంలో పాత సందడి లేదు.

వాసన తక్కువగా రావాలంటే పాత ఇంగ్లీషు చిట్కా ఒకటుంది. పొడుగాటి జగ్గులో కిప్పర్‌ను తోక పైకి ఉండేలా నిలబెట్టి, సలసల కాగే నీళ్ళు పోసి మూతపెట్టి, ఏడెనిమిది నిమిషాలుంచి తీసేయడం. ఉప్పు కూడా కొంత దిగుతుంది. లేదంటే వెన్న రాసి, అల్యూమినియం ఫాయిల్‌లో గట్టిగా పొట్లం కట్టి ఓవెన్‌లో పెట్టండి. పెనం మీద వేయించారా, మీ ఇంట్లో నలుగురి కోట్లకూ రెండు రోజులు అదే వాసన.

పెద్దావిడకు పెట్టేటప్పుడు మాత్రం జగ్గు పద్ధతి వద్దు. చల్లపొగ చేపలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. ముసలివాళ్ళూ గర్భిణులూ అలాంటి చేపను లోపలిదాకా పొగలు కక్కేలా వేడిచేసే తినాలని బ్రిటన్ ఆహార భద్రతా అధికారులు చెబుతారు. గ్రిల్ కింద బాగా కాల్చి ఇవ్వండి. వెన్నుముల్లు తీసినా సన్న ముళ్ళు చాలా ఉంటాయి, మీరే వేళ్ళతో తడిమి ఇవ్వాలి, లేకపోతే ముళ్ళు తీసిన ముక్కలు కొనమని చెప్పాలి. ఉప్పున్న చేప కాబట్టి ఆవిడ కేర్ ప్లాన్‌లో ఉప్పు తగ్గించమని రాసి ఉంటే నర్సును అడగకుండా పెట్టకండి.

పులుసు గురించి. పెట్టకూడదని ఏ చట్టమూ లేదు గానీ నేనైతే పెట్టను. ఎండు చేపలా నానబెట్టి, చింతపండు పులుసులో మరిగిస్తే ఈ మెత్తటి చేప పీచుపీచుగా విడిపోతుంది. పొగవాసన పులుసంతా ఆక్రమిస్తుంది. దానికంటే ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, కాల్చిన కిప్పర్‌ను ముళ్ళు తీసి చిదిమి, ఉప్పు వేయకుండా కలిపేయండి. కోడిగుడ్డు పొరటులో ఇంకా బాగుంటుంది. లేదా కెడ్జరీ చేయండి. పేరు వింటే కొత్తగా ఉంటుంది గానీ అది మన కిచిడీయే. ఇండియాలో పనిచేసి వెళ్ళిన ఇంగ్లీషువాళ్ళు కిచిడీలో పప్పు తీసేసి, పొగచేప, ఉడికించిన గుడ్డు చేర్చి, పొద్దున్న ఫలహారం చేసుకున్నారు. మామూలుగా హాడక్ అనే చేప వేస్తారు, కిప్పర్‌తో చేసేవారూ ఉన్నారు. మిరియాలు, కాస్త పసుపు, దించే ముందు నిమ్మరసం. మీ చేతి కెడ్జరీ ఆ పెద్దావిడకు రుచి చూపిస్తే కాదనరనే నా నమ్మకం, వంటగదివారు ఒప్పుకుంటేనే సుమా.

ఆశ్రమం వంటగదికి చీటీ రాసేటప్పుడు 'స్మోక్డ్ ఫిష్' అని రాయకండి, కిప్పర్ అనే రాయండి. స్మోక్డ్ ఫిష్ అంటే పల్చని సాల్మన్ ముక్కలో, పసుపురంగు హాడక్ ముక్కో వస్తుంది. ఎవరైనా స్మోకీ అన్నారంటే అది స్కాట్లాండులోని ఆర్‌బ్రోత్ వారి చేప, అదీ హాడకే, వేడి పొగలో ఉడికినది. బ్లోటర్ వచ్చిందంటే ఆవిడకు పెట్టేముందు పొట్ట చీల్చి పేగులు తీసేయండి.